కాకటీల్ అరికాలు నున్నగా, ఎర్రగా మారింది: పెర్చ్ వల్లేనా? ఒంటికాలి మీద నిద్ర మామూలేనా?

బెజవాడ_బాల్కనీ:

నాలుగేళ్ల మగ కాకటీల్ (చిన్న చిలుక జాతి పక్షి). బరువు 118 గ్రాములు. పంజరంతో పాటు వచ్చిన కూర్చునే ప్లాస్టిక్ పుల్లలు (పెర్చ్) రెండే ఉన్నాయి, రెండూ 12 మిల్లీమీటర్ల మందం. గోళ్లు అరుగుతాయని షాపువాళ్లు చెబితే పై పుల్లకి గరుకు కాగితం తొడుగు వేశాం, ఏడాదిగా అదే ఉంది. తిండి పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలు, సజ్జలు కలిపిన మిక్స్. కూరగాయ ముక్కలు పెడితే ముట్టదు. పంజరం హాల్లో ఉంటుంది. రాత్రి 11 దాకా టీవీ, లైట్లు. పొద్దున అయిదున్నరకే అరుపులు మొదలు.

రాత్రిళ్లు ఒంటికాలి మీద నిలబడి నిద్రపోవడం ముందునుంచీ ఉంది. వారం నుంచి మాత్రం ఎప్పుడు చూసినా ఎడమ కాలే పైకెత్తి ఉంటోంది. ఆ అరికాలి మధ్యలో ఆవగింజంత ఎర్ర మచ్చ, చుట్టూ చర్మం నున్నగా మెరుస్తోంది. తెగలేదు, వాపు లేదు. తిండి, రెట్ట మామూలుగానే ఉన్నాయి.

ఇది పుల్లల వల్లేనా? డాక్టరు దగ్గరికి ఇప్పుడే తీసుకెళ్లాలా, పెర్చ్ మార్చి చూడొచ్చా? పసుపు, కొబ్బరినూనె కలిపి రాయమని ఇంట్లో అంటున్నారు, రాయొచ్చా?

పక్షివైద్యం:

చివరి ప్రశ్నకి ముందు జవాబు: రాయకండి. నూనె ఏదైనా సరే, కాలికి రాస్తే అది కాలి మీదే ఉండదు. పక్షి కాలు పైకెత్తి పొట్ట ఈకల్లో దాచుకుంటుంది, నూనె ఈకలకి అంటి అవి అట్టకడతాయి. ముక్కుతో సర్దుకునేటప్పుడు కొంత కడుపులోకి కూడా పోతుంది. ఇంట్లో మనుషులకి వాడే ఆయింట్‌మెంట్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మన మందుల షాపుల్లో దొరికే చర్మపు క్రీముల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. పక్షులకి స్టెరాయిడ్ చాలా ప్రమాదం, చర్మం మీద రాసినా ఒంట్లోకి దిగి రోగనిరోధక శక్తిని పడగొడుతుంది.

మీరు వర్ణించింది బంబుల్‌ఫుట్ అనే అరికాలి జబ్బు తొలిదశలా ఉంది. ఆరోగ్యంగా ఉన్న అరికాలిని దగ్గరగా చూస్తే బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నని బుడిపెలు కనిపిస్తాయి. ఒకేచోట బరువు పడుతూ ఉంటే ముందు పోయేవి ఆ బుడిపెలే. చర్మం చదునుగా, నున్నగా, లేతగులాబీ రంగులో మెరవడం మొదలవుతుంది. మీరు చూస్తున్నది ఈ దశే. ఆ తర్వాత అక్కడ గట్టిపడి ఆనెకాయ కట్టడమో, పలచబడి పుండు పడడమో జరుగుతుంది. నల్లటి లేదా గోధుమరంగు పక్కు కట్టిందంటే సూక్ష్మజీవులు లోపలికి దిగినట్టే. ఎక్కువగా దొరికేది స్టాఫిలోకాకస్. అక్కణ్ణుంచి స్నాయువులకి, ఎముకకి పాకితే కాలు నిలబెట్టడం కష్టం.

ఒక విషయం మనసులో పెట్టుకోండి. పక్షుల చీము మనుషుల చీములా కారదు. జున్నుముక్కలా గట్టిగా ఉంటుంది. అందుకే ఉబ్బిన చోట నొక్కితే ఏమీ రాదు, లోపలి కండ మాత్రం నలుగుతుంది. పక్కు ఉంటే గిల్లకూడదు. అది డాక్టరు మత్తు ఇచ్చి తీయాల్సింది.

మీ పక్షి విషయంలో నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి, మూడూ కలిసి పనిచేశాయి. గరుకు కాగితం అరికాలి చర్మాన్ని రోజూ అరగదీసింది. గోళ్లు పుల్లని తాకేదే తక్కువ, కాబట్టి గోళ్లకి ఒరిగిందీ లేదు. ఈ రాత్రే తీసేయండి. రెండోది బరువు. మామూలు కాకటీల్ 80 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. పెద్దసైజు షో రకాలు ఇంకాస్త ఉంటాయి గానీ, మీ పక్షి రొమ్ముఎముకని వేలితో తడిమితే అంచు తెలియకుండా రెండువైపులా మెత్తగా ఉబ్బి ఉంటే అది కొవ్వే. మూడోది విటమిన్ ఎ. ఒట్టి గింజల తిండిలో అది దాదాపు ఉండదు. అది లోపిస్తే చర్మం పైపొర సరిగా తయారవదు, ఎంత మంచి పెర్చ్ ఇచ్చినా అరికాలు మానదు. చాలామంది పెర్చ్ మార్చి, తిండి మార్చక, మళ్లీ నెలకి అదే ఫోటో పెడతారు.

డాక్టరుకి చూపించండి. ఈ దశలో పరుగులు పెట్టనక్కర్లేదు, ఈ వారంలో చాలు. పక్కు కట్టినా, వాపు కనిపించినా, పట్టుకుంటే వేడిగా తగిలినా, కాలు అసలు ఆనించకపోయినా ఆ రోజే. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకి ఆసుపత్రులున్నాయి. మీకు గన్నవరం దగ్గర. ముందు ఫోన్ చేసి పక్షుల్ని చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి.

నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలిపి ఇవ్వడం వద్దు. ఎంత తాగిందో తెలియదు, చేదైతే నీళ్లే మానేస్తుంది. నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర అరగదీసి ఇవ్వడం అంతకన్నా వద్దు. పశువులకి వేసిన డైక్లోఫినాక్ అనే నొప్పిమందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని ఎలా తుడిచిపెట్టిందో, 2006లో పశువైద్యంలో దాన్ని ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో గుర్తుంటే చాలు. పక్షి ఒంట్లో మందు నడిచే తీరు వేరు.

జామకొమ్మ:

పెర్చ్ సంగతి నేను చెబుతాను.

చిలుక జాతి పక్షికి ముందు రెండు వేళ్లు, వెనక రెండు వేళ్లు. పుల్ల మరీ సన్నగా ఉంటే నాలుగు వేళ్లూ పూర్తిగా చుట్టుకుపోయి, బరువంతా అరికాలి మధ్య ఒక్క బిందువు మీద పడుతుంది, ముందు గోళ్లు వెనక వేళ్లకి గుచ్చుకుంటాయి. మరీ లావైతే వేళ్లు పరుచుకుని పట్టు దొరకదు. కూర్చున్నప్పుడు వేళ్లు పుల్ల చుట్టుకొలతలో మూడింట రెండొంతులు పట్టుకుని, ముందు గోటికీ వెనక గోటికీ మధ్య ఖాళీ కనిపించాలి. కాకటీల్‌కి 15 నుంచి 25 మిల్లీమీటర్లు. బడ్జీకి (ఇంకా చిన్న చిలుక) 10 నుంచి 15. ఆఫ్రికన్ గ్రేకి (పెద్ద చిలుక) 30 నుంచి 45. మీ 12 మిల్లీమీటర్ల పుల్ల బడ్జీది.

అలాగని కచ్చితంగా 20 మిల్లీమీటర్ల గుండ్రటి కర్ర కొనిపెట్టినా పని జరగదు. నున్నగా చిత్రిక పట్టిన కర్ర మీద పక్షి ఎక్కడ కూర్చున్నా అరికాల్లో అదే చోట ఒత్తిడి. పక్షి పడుకోదు కదా. పగలూ రాత్రీ పాదాల మీదే. కొమ్మ ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట కణుపు, ఒకచోట వంపు ఉంటే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒత్తిడి చోటు మారుతుంది. అసలు వైద్యం అదే.

జామకొమ్మని మించింది లేదు. గట్టిగా ఉంటుంది, పక్షి బెరడు కొరికినా ఫరవాలేదు, అడిగితే ఏ పెరట్లో అయినా దొరుకుతుంది. వేప, సరుగుడు కూడా బాగుంటాయి. గన్నేరు ఏ రంగుదైనా సరే పంజరం దరిదాపుల్లోకి రానివ్వకండి, అది ప్రాణాంతకం. పచ్చ గన్నేరూ అంతే. జిల్లేడు, ఆముదం, ఉమ్మెత్త కూడా వద్దు. పాలు కారే చెట్టు ఏదైనా వదిలేయండి. మామిడికి జిగురు కారుతుంది, పచ్చికొమ్మ పెట్టకండి. రోడ్డు పక్క చెట్లవీ, పురుగుమందు కొట్టిన తోటలవీ తేకండి.

కొమ్మని పంజరం వెడల్పుకి కోసి, సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, సబ్బు పోయేదాకా కడిగి, మరుగునీళ్లు రెండువైపులా పోయండి. నాలుగైదు రోజులు గట్టి ఎండలో ఆరనివ్వండి. బెరడు తీయొద్దు, పట్టు దానివల్లే. బిగించడానికి ఒక చివర మధ్యలో 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో మూడు సెంటీమీటర్ల లోతు రంధ్రం వేసి, 6 మిల్లీమీటర్ల హ్యాంగర్ బోల్ట్ తిప్పి దింపండి. ఒకవైపు చెక్క మర, ఇంకోవైపు నట్టు మర ఉండే బోల్ట్ అది. పంజరం కడ్డీలకి లోపల ఒక పెద్ద వాషర్, బయట ఒక వాషర్, ఆపైన రెక్కల నట్టు. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి. తెల్లటి జింక్ పూత ఉన్నవి కాకటీల్ రోజంతా నాకుతూ కొరుకుతూ కూర్చుంటుంది, జింక్ విషం. కొమ్మ సన్నగా ఉంటే చివర చీలిపోతుంది, అప్పుడు బోల్ట్ మానేసి రెండు చివరలా అర సెంటీమీటరు గాడి కోసి కడ్డీల మధ్య ఇరికించండి. చేత్తో తిప్పితే కదలకూడదు. తిరిగే పుల్ల మీద పక్షి రాత్రంతా బిగపట్టుకునే ఉంటుంది.

మీ పంజరానికి నాలుగు కొమ్మలు పెట్టండి, ఏ రెండూ ఒకే మందం వద్దు. అన్నిటికన్నా ఎత్తున ఉన్నదే దాని పడకమంచం, కాబట్టి అన్నిటికన్నా సుఖమైన కొమ్మని అక్కడ పెట్టాలి. సిమెంటు పెర్చ్ కావాలంటే ఒక్కటే, గింజల గిన్నె దగ్గర, కాసేపు నిలబడి పోయే చోట. దాన్ని పైన పెడితే గరుకు కాగితం కథే మళ్లీ. మీ పక్షికి అరికాలు మానేదాకా అసలు వద్దు. ఒక మూల 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు ఉన్న చదును చెక్క కూడా బిగించండి. దాని మీద వేళ్లు చాపుకుని నిలబడితే పాదానికి అసలైన విశ్రాంతి. నీళ్లగిన్నె, గింజల గిన్నె మీదుగా ఏ కొమ్మా పోకూడదు. తోక కడ్డీలకి రాసుకోకుండా చూసుకోండి.

నూలుతాడు పెర్చ్ మెత్తగా ఉంటుందని చాలామంది కొంటారు. పోగులు ఊడిన రోజు నుంచి అది ఉరితాడే, వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, మింగితే కడుపులో ఉండకడుతుంది. వారానికోసారి వెలుతురులో తిప్పి చూసే ఓపిక ఉంటేనే వాడండి.

శుభ్రం సంగతి మర్చిపోవద్దు. రెట్ట అంటిన కొమ్మ మీద పలచబడిన అరికాలు ఆనితే పుండు పడడం ఎంతసేపు. ప్రతి కొమ్మకీ జత ఉండాలి: ఒకటి పంజరంలో, ఒకటి కడిగి ఎండలో. వర్షాకాలంలో పూర్తిగా ఆరనిది లోపల పెట్టకండి, బూజు పడుతుంది. కడగడానికి వేడినీళ్లు, బ్రష్ చాలు. ఫినాయిల్ వాడకండి.

రాత్రి_పది:

నిద్ర గురించి ఎవరూ చెప్పలేదు. 11కి లైట్లు ఆపి అయిదున్నరకి లేస్తే ఆరున్నర గంటలు. కాకటీల్‌కి 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. నిద్ర చాలని పక్షి పగలు కూడా ఒకే చోట కునుకుతూ కూర్చుంటుంది, తక్కువ ఎగురుతుంది, ఒళ్లు పెరుగుతుంది. ఆ బరువంతా మళ్లీ ఆ అరికాలి మీదే. కాబట్టి మీ సమస్యలో నిద్రకీ వాటా ఉంది.

ఒంటికాలి నిద్ర మామూలే. ఒక కాలికి విశ్రాంతి, ఈకల్లేని పాదం పొట్టలో దాచుకుంటే ఒంటి వేడి పోదు. తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో ముక్కు దూర్చి, నిద్రకి ముందు కరకరమని ముక్కు నూరుతూ ఉంటే పక్షి హాయిగా ఉన్నట్టు. కాళ్లు మార్చుకుంటూ ఉండాలి, అదే గుర్తు. రోజుల తరబడి ఒకే కాలు ఎత్తితే ఆ కాలికి నొప్పి. ఇంకో వైపు కూడా ఆలోచించండి: బరువంతా మోస్తున్నది కుడికాలు. రెండోది పాడయ్యేది అలాగే. కుడి అరికాలు కూడా చూశారా?

పట్టపగలు రెండు కాళ్ల మీద కూర్చుని, ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసి తోక ఊపుతూ ఊపిరి తీస్తుంటే అది నిద్ర కాదు, జబ్బు. పంజరం అడుగున కూర్చుంటే ఇక ఆలోచించకండి, బయల్దేరండి.

రాత్రికి వేరే గదిలో చిన్న పంజరం పెట్టుకోవచ్చు, చాలామందికి హాలుకన్నా అదే సులువు. అందులోనూ కొమ్మే వేయాలి, రాత్రంతా గడిపేది దాని మీదే. లేదంటే హాల్లోనే ఎనిమిదిన్నరకల్లా మూడువైపులా ముదురు నూలుబట్ట కప్పి, టీవీ శబ్దం తగ్గించండి. నాలుగోవైపు తెరిచే ఉంచాలి, బెజవాడ ఎండాకాలంలో నాలుగువైపులా కప్పితే లోపల ఉక్కపోస్తుంది. కాకటీల్‌లకి రాత్రి ఉలికిపాటు ఎక్కువ. బల్లి పాకినా, వీధిలో బండి లైటు గోడ మీద పడినా చీకట్లో బెదిరి కడ్డీలకి కొట్టుకుంటాయి, ఎదుగుతున్న రక్తపు ఈకలు విరుగుతాయి. గదిలో దూరంగా జీరో బల్బు ఒకటి వెలుగుతూ ఉంటే తన కొమ్మ తనకి కనిపిస్తుంది, మళ్లీ వెళ్లి కూర్చుంటుంది.

బెజవాడ_బాల్కనీ:

తొడుగు తీసేశాను. కుడి అరికాలు ఎలా చూడాలో తెలియడం లేదు, పట్టుకుంటే గింజుకుంటోంది. కొమ్మలు ఆరడానికి నాలుగైదు రోజులంటున్నారు, అప్పటిదాకా ఏం చేయాలి? కూరగాయలు తినిపించడం ఎలాగండీ? విటమిన్ ఎ చుక్కలు దొరుకుతాయట, అవి వేయొచ్చా?

జామకొమ్మ:

అప్పటిదాకా ఉన్న పుల్లకే మెత్త కట్టండి. తనకి తనే అతుక్కునే బ్యాండేజీ మందుల షాపులో దొరుకుతుంది, జిగురు ఉండదు. పుల్ల చుట్టూ సగం సగం ఎక్కేలా ఏటవాలుగా చుట్టుకుంటూ మందం 18 మిల్లీమీటర్లు దాటేదాకా వేయండి. గట్టిగా లాగి చుడితే రాయిలా అవుతుంది, వదులుగా వేయండి. రెట్ట పడితే వెంటనే మార్చాలి, ఎలాగూ మూడురోజులకోసారి మార్చాలి. కొరికి ముక్కలు మింగుతోందంటే తీసేసి చదును చెక్క మీద ఆధారపడండి. ఆ చెక్క మీద కాగితం తువ్వాలు పరిచి రోజూ మార్చొచ్చు.

అరికాలు చూడడానికి పట్టుకోవక్కర్లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, మీద గింజలు నాలుగు వేసి పక్షిని నిలబెట్టి, కింది నుంచి ఫోన్‌తో ఫోటో తీయండి. రెండు అరికాళ్లూ ఒకే ఫోటోలో వస్తాయి. అదే డబ్బా, అదే వెలుతురు, వారానికి రెండుసార్లు. రంగు మారిందా లేదా అని కంటితో గుర్తుపెట్టుకోవడం కన్నా ఇది నయం. పట్టుకోవాల్సి వస్తే తువ్వాలుతో మెడ రెండువైపులా పట్టుకోండి గానీ రొమ్ము మీద ఒత్తకండి. రొమ్ము కదిలితేనే పక్షికి ఊపిరి.

పక్షివైద్యం:

చుక్కలు వద్దు. విటమిన్ ఎ ఎక్కువైతే అదీ విషమే, కాలేయంలో పేరుకుంటుంది. కూరగాయల్లో ఉండే కెరోటిన్‌తో ఆ భయం లేదు, ఒంటికి ఎంత కావాలో అంతే మారుతుంది. క్యారెట్ తురుము, ఉడికించిన చిలగడదుంప, ఎర్ర క్యాప్సికం, గుమ్మడి, మునగాకు, కొత్తిమీర. పాలకూర రోజూ వద్దు. అవకాడో ఎప్పుడూ వద్దు.

కాకటీల్ మొండిది, కొత్త తిండిని తిండిగా గుర్తించదు. గింజలు ఒక్కసారిగా ఆపేస్తే పస్తు ఉంటుంది, రెండురోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. పొద్దున్నే ఆకలి మీద ఉన్నప్పుడు గింజల గిన్నె పెట్టకుండా క్యారెట్ తురుములో తడి కొర్రలు కలిపి గంటన్నర ఉంచండి, గింజ కోసం వెతుకుతూ తురుము నోట పడుతుంది. తర్వాత మామూలు తిండి. కడిగిన కొత్తిమీర కట్టని తడిగానే కడ్డీలకి కట్టండి, ముందు దానితో స్నానం చేస్తుంది, తర్వాత కొరుకుతుంది. అలవాటుకి వారాలు పడుతుంది. పొద్దుతిరుగుడు గింజలు మిక్స్‌లోంచి ఏరేసి, రోజుకి అయిదారు చేత్తో ఇవ్వండి.

ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా మీద రోజూ పొద్దున్నే తిండికి ముందు తూచి రాసుకోండి. నెలలో అయిదారు గ్రాములు తగ్గితే సరైన దారి. వారంలోనే అంత తగ్గితే పాత తిండికి వెళ్లిపోండి.

గోళ్లు కూడా చూడండి. చదును బల్ల మీద నిలబెట్టినప్పుడు గోళ్లు వేళ్లని పైకి ఎత్తేస్తుంటే పొడవు ఎక్కువ, బరువు అరికాలి మడమవైపు పోతోందని అర్థం. చివర ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ కత్తిరించకండి. రక్తం వస్తే గోటి చివర కార్న్‌ఫ్లోర్ అద్ది రెండుమూడు నిమిషాలు వేలితో మెల్లగా ఒత్తిపట్టండి.

పచ్చరెక్క:

ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా బడ్జీకి కాళ్ల మీద, ముక్కు పైన తెల్లగా పొట్టులా కట్టింది. ఇదీ బంబుల్‌ఫుటేనా? పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మందు ఒక చుక్క వీపు మీద వేయమంటున్నారు.

పక్షివైద్యం:

కాదండీ. బంబుల్‌ఫుట్ అరికాల్లో వస్తుంది. ముక్కు మూలల్లో, కాలి పైభాగంలో తేనెతుట్టెలా సన్నటి చిల్లులున్న తెల్లటి పొర కడితే అది నెమిడోకాప్టిస్ అనే గజ్జిపురుగు జాతి మైట్, చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. మందు ఐవర్‌మెక్టినే, కానీ లెక్క చూడండి. సాధారణంగా ఇచ్చే మోతాదు కిలో బరువుకి 0.2 మిల్లీగ్రాములు. 35 గ్రాముల బడ్జీకి 0.007 మిల్లీగ్రాములు. పశువుల ఇంజెక్షన్ ఒక శాతం ద్రావణం, మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. అంటే మీ పక్షికి కావలసింది 0.0007 మిల్లీలీటర్లు. ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటర్లు, దాదాపు డెబ్భై రెట్లు. డాక్టరు దగ్గర పలచన చేసి వేయించండి, రెండు వారాలకి మళ్లీ వేయించాలి. పాత చెక్క పుల్లలు, గూడు పెట్టె పారేయండి, పక్కనున్న బడ్జీలన్నిటినీ చూపించండి.

వేలి కీళ్ల దగ్గర చర్మం కింద తెల్లటి మీగడ రంగు గింజల్లా కనిపిస్తే అది మరొకటి, గౌట్. మూత్రపిండాల సమస్య. దాన్ని కోయకూడదు, పొడవకూడదు.

మునగచెట్టు:

మా పక్కింటివాళ్ల రామచిలుకకీ అరికాలు ఇలాగే ఉంది. వాళ్లకి ఈ పెర్చ్ కొలతలు చెప్పొచ్చా?

రాత్రి_పది:

కొలత 20 నుంచి 25 మిల్లీమీటర్లు సరిపోతుంది. కానీ రామచిలుకని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాకటీల్, బడ్జీలకి అది వర్తించదు. ఇన్నేళ్లు పంజరంలో ఉండి, కాలు పుండుపడిన చిలుకని కిటికీ తెరిచి వదిలేయడం కూడా దానికి చావే, కాకులో పిల్లులో పట్టుకుంటాయి. అటవీశాఖ వాళ్లకి గానీ జూకి గానీ చెప్పి అప్పగించమనండి, కాలికి వైద్యం అక్కడే జరుగుతుంది.

బెజవాడ_బాల్కనీ:

డబ్బా ఫోటో తీశాను. కుడి అరికాల్లో బుడిపెలు ఉన్నాయి గానీ మధ్యలో కాస్త చదునుగా ఉంది, ఎరుపు లేదు. ఎల్లుండికి డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది. మానుతోందని ఎలా తెలుస్తుంది?

పక్షివైద్యం:

ఆ ఫోటోలు, తూకాల కాగితం తీసుకెళ్లండి, పాత పుల్ల కూడా. ముందు తగ్గేది ఎరుపు, రెండు మూడు వారాల్లో. కాలు మార్చి మార్చి ఎత్తడం ఆ లోపే మొదలవ్వాలి. నున్నటి మెరుపు పోయి బుడిపెలు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అవి అంచుల నుంచి మధ్యకి వస్తాయి, ఫోటోలో అంచులే చూస్తూ ఉండండి.